కోడలు ఊడ్చిన మెరుపు

మార్చి 27. ఉదయం 10:20

పద్నాలుగో లాట్‌లో పెబ్రిన్ తెగులు ఉంది. నా కళ్లతో చూశాను. డిసెంబర్‌లో మెషీన్ ఆ లాట్‌ని క్లీన్ అని పాస్ చేసింది.

ముందస్తు పరీక్ష కోసం ప్రతి లాట్ నుంచి చిటికెడు పట్టు గుడ్లు పొదిగిస్తాం. ఆ పిల్లపురుగుల్లో పదింటిని కల్వంలో నూరి స్లైడ్ మీద పెట్టాను. మైక్రోస్కోప్‌లో ఆరు వందల రెట్లు. నాలుగో ఫీల్డ్‌లో రెండు తెగులు బీజాలు. ఏడో ఫీల్డ్‌లో ఐదు. అన్నీ ఒకే సైజు, అండాకారం, నీటి చుక్కలో వణుకుతున్నాయి. ఫోకస్ మరని ఇటు కాస్త అటు కాస్త తిప్పితే వెలుగుతాయి, ఆరిపోతాయి. మేం దాన్ని కన్ను కొట్టడం అంటాం. కొవ్వు బొట్టు కూడా మెరుస్తుంది గానీ అది గుండ్రంగా ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పొరబడలేదు.

టైమ్ రాసి పెట్టుకున్నాను. తర్వాత అడుగుతారు.

మార్చి 27. సాయంత్రం 4:00

డైరెక్టర్ నేమత్ గారికి చెప్పాను. హాసియత్ ఆపా, ముందు కూర్చోండి, టీ తాగండి అన్నాడు. తాగలేదు. ఒక్క స్లైడేనా అన్నాడు. ఒక్కటే అన్నాను. కల్వం సరిగ్గా కడిగారా అన్నాడు.

నేను ఈ పట్టు గుడ్ల కేంద్రంలో చేరినప్పుడు ఇతను స్కూల్లో ఉన్నాడు. నా కల్వం గురించి నన్ను అడుగుతున్నాడు.

మెషీన్ అరవై వేల తల్లిపురుగుల్ని చూసింది, మీరు పది పిల్లల్ని చూశారు, నన్ను ఎవర్ని నమ్మమంటారు అన్నాడు. ఆ వెంటనే ఫోన్ ఎత్తాడు. ఏప్రిల్ 12న మొత్తం ఇరవై రెండు లాట్ల పెట్టెలు నాలుగు జిల్లాలకి బయల్దేరాలి. లారీల సంగతి మాట్లాడుతున్నాడు.

మార్చి 28

మళ్లీ పది. మళ్లీ ఉన్నాయి. ఈసారి కల్వం కొత్తది, సీల్ నేనే తెంచాను.

మార్చి 29

కోపంలో ఉన్న మనిషి వరస తప్పుతుంది. అందుకని మొదట్నుంచి రాస్తున్నాను.

తల్లిపురుగు గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్కో తల్లి తన గుడ్లతో ఒక్కో కాగితం సంచిలో ఉంటుంది. జులై నుంచి డిసెంబర్ దాకా ఒక్కో తల్లిని నూరి మైక్రోస్కోప్ కింద చూస్తాం. బీజాలు కనిపిస్తే సంచిని గుడ్లతో సహా తగలబెడతాం, ఎందుకంటే ఈ తెగులు తల్లి నుంచి గుడ్డులోకి వెళ్తుంది. మిగిలిన గుడ్లన్నీ జనవరిలో కడిగి, లాట్ల వారీగా కలిపేస్తాం. కలిపాక ఏ గుడ్డు ఏ తల్లిదో దేవుడికే తెలియాలి.

పందొమ్మిది మంది ఆడవాళ్లం. పందొమ్మిది మైక్రోస్కోపులు, కొన్ని వయసులో మా కంటే పెద్దవి. వాటిలోంచి చూస్తే అంచుల్లో గీత వంగుతుంది. మధ్యలో మసక. మెరిసే ప్రతి దాని చుట్టూ ఒక వలయం. వాటికి మేం అలవాటు పడ్డాం.

కిందటేడు తాష్కెంట్ నుంచి సంజర్ అనే ఇంజినీర్, అతని బృందం వచ్చారు. కొత్త మైక్రోస్కోపులు కొనక్కర్లేదు, పాతవాటి లోపాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది అన్నారు. ఒకే స్లైడ్‌ని మా పాత లెన్స్‌తో ఒకసారి, తాష్కెంట్‌లో మంచి లెన్స్‌తో ఒకసారి ఫొటో తీశారు. అలాంటి జతలు ఆరు వేలు ప్రోగ్రాంకి చూపించారు. చెడ్డ లెన్స్ బొమ్మ మంచి లెన్స్‌లో ఎలా ఉంటుందో అది నేర్చుకుంది. అలా శుభ్రం చేసిన బొమ్మలో ఇంకో ప్రోగ్రాం బీజాలు లెక్కపెడుతుంది.

మొదటి రోజు స్క్రీన్ మీద చూసి నాకు నచ్చింది. అది కూడా రాయాలి. తడిగుడ్డతో అద్దం తుడిచినట్టు ఉంది. మేమంతా పిన్ని వరసతో పిలిచే తుర్సునాయ్ ఖోలా దానికి కోడలని పేరు పెట్టింది. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది కొత్త కోడలే కదా, ఇదీ అంతే, తలెత్తదు, ఎదురు చెప్పదు, ఊడుస్తూనే ఉంటుంది అంది. అందరం నవ్వాం.

సెప్టెంబర్‌లో పదిహేను మందిని ఇంటికి పంపారు. లిస్టులో మొదటి పేరు తుర్సునాయ్ ఖోలాది. మా అందరిలోకీ మంచి కళ్లు ఆమెవి. కోడలొచ్చింది, అత్త బయటికి అంటూ చెప్పులు వేసుకుంది. అప్పుడెవరూ నవ్వలేదు.

మార్చి 31

పొద్దున ఇంకో పది నూరి, ఆ స్లైడ్‌నే మెషీన్ కింద పెట్టాను. బీజాలున్న ఫీల్డ్‌ని నేనే వెతికి, అక్కడే ఆపి, ఫొటో తీయించాను.

రిజల్ట్: క్లీన్.

నా కంటికి ఐదు బీజాలు కనిపించిన చోట స్క్రీన్ మీద బూడిదరంగు మరక ఉంది. అంతే. చుట్టూ ఉన్న కణజాలం మాత్రం ముచ్చటగా, గీత గీసినట్టు ఉంది.

డైరెక్టర్‌ని పిలిచి చూపించాను. ఐపీస్‌లోకి చూడమంటే కళ్లద్దాలు తీయాల్సి వస్తుందని చూడలేదు. స్క్రీన్ చూశాడు. మరి క్లీన్ అనే ఉంది కదా ఆపా అన్నాడు.

బల్ల మీద కల్వం ఉంది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఏప్రిల్ 1

తాష్కెంట్‌కి నేనే ఫోన్ చేశాను. సంజర్ మొదట నవ్వుతూ మాట్లాడాడు. స్లైడ్ సంగతి చెప్పాక నవ్వడం ఆపాడు. ఐదున వస్తానన్నాడు.

మధ్యాహ్నానికి ఆ సంగతి డైరెక్టర్‌కి తెలిసింది. పెద్దవారు, మీకు నేను చెప్పాల్సిన పని లేదు, నన్ను దాటి తాష్కెంట్‌కి ఫోన్లేమిటి అన్నాడు. పొదుగు గది తాళంచెవి ఇచ్చేయమన్నాడు. ఇచ్చాను. ఆ గదికి రెండో తాళంచెవి పదిహేనేళ్లుగా నా కోటు జేబులోనే ఉందని అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన పని అతనిది.

ఏప్రిల్ 3

ఖరతుత్ వెళ్లాను. పోయిన నా భర్త చెల్లెలు జెబినిసో ఊరు. ప్రతి ఏడూ రెండు పెట్టెల గుడ్లు తీసుకుంటుంది.

పురుగుల కోసం పెద్ద గది ఖాళీ చేసింది. పరుపులన్నీ పశువుల కొట్టం పక్క గదికి మార్చింది. గోడలకి సున్నం వేసింది. ఇసిరిక్ ఆకుల పొగ కూడా అప్పుడే వేసింది. గుడ్లు రాకముందే ఎందుకమ్మా అంటే దిష్టి గుడ్ల కోసం ఆగుతుందా వదినా అంది. వాళ్ల అత్త గుడ్లని చిన్న సంచిలో కట్టి గుండెల దగ్గర పెట్టుకుని పొదిగించేదట, నిద్రలో కూడా పక్కకి తిరిగేది కాదట. మా అత్తకి మా ఆయన మీద కూడా అంత జాగ్రత్త లేదు అని నవ్వింది.

ఈ ఏడు విత్తనం మంచిదేనా అని అడిగింది.

టీ తాగాను. మల్బరీ ఆకు బాగా వచ్చిందే అన్నాను.

పదమూడేళ్ల కిందట మా కేంద్రం నుంచి తెగులు గుడ్లు బయటికి వెళ్లాయి. ఆ ఏడు పని తొందరగా ముగించమని పైనుంచి ఒత్తిడి. పురుగులు ఇంటినిండా ఆకు తిని, కుబుసం విడిచే నాలుగో నిద్ర లేచి, గూడు కట్టాల్సిన వారంలో నల్లమచ్చలు పడి చచ్చాయి. జెబినిసో ఒక తట్టనిండా చచ్చిన పురుగులు మోసుకొచ్చి మా గేటు ముందు కుమ్మరించింది. ఆమె వెనక ఇంకో ముప్పై మంది ఆడవాళ్లు, ముప్పై తట్టలు. నేను గేటు లోపల నిలబడి ఉన్నాను. తియ్యలేదు. తియ్యొద్దన్నారు.

ఇప్పటికీ ఆమె నన్ను వదినా అనే పిలుస్తుంది.

ఏప్రిల్ 5. ఉదయం

సంజర్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. తెలివితక్కువవాడైతే నా కోపానికి తేలికయ్యేది. కాదు. ముందు ఐపీస్‌లోకి చూశాడు. ఫోకస్ మర మీద అతని వేలు పెట్టించి, పైన నా వేలుంచి తిప్పాను. వెలిగింది, ఆరింది. పక్క ఫీల్డ్‌కి తనే జరుపుకుని చూశాడు.

ఆపా, ఈ వెలుగునీ ఈ వలయాన్నీ లెన్స్ లోపం అనుకుని తీసేస్తోంది అన్నాడు. మెరుపు పోతే బీజం ఉట్టి మరక. లెక్కపెట్టే ప్రోగ్రాం ఆ మరకని పట్టించుకోదు. దాని తప్పు లేదు, అది పుస్తకాల్లోని బొమ్మలతో నేర్చుకుంది, తాష్కెంట్‌లో పెట్టిన డెమోలో కూడా పుస్తకాల బొమ్మలే వాడారు. బీజం దాని దాకా రాకముందే మొదటి ప్రోగ్రాం ఊడ్చేసింది.

ఎందుకు అనుకుంది అని అడిగాను.

లాప్‌టాప్ తీశాడు. నేర్పడానికి వాడిన ఆరు వేల స్లైడ్ల లిస్టు తెరిచాడు. వీటిలో తెగులున్నవి ఏవో చెప్పండి ఆపా, వాటి మీద ఏం నేర్చుకుందో చూద్దాం అన్నాడు.

ఏప్రిల్ 5. సాయంత్రం

ఆ లిస్టు కింద సంతకం నాది.

ఏప్రిల్ 6

ఆ లిస్టులో తెగులు స్లైడ్ ఒక్కటి కూడా లేదు. ఆరు వేలలో సున్నా.

ఈ కేంద్రంలో ఒక నియమం ఉంది. నేను చేరిన రోజు నాకు నేర్పారు, నా తర్వాత వచ్చినవాళ్లందరికీ నేను నేర్పాను. తెగులు స్లైడ్ పొద్దుగూకే దాకా ఉండకూడదు. కనిపించిన రోజే చాకలి సోడా నీళ్లలో మరిగించాలి, సంచిని బట్టీలో వెయ్యాలి. గేటు దాటడం అన్న మాటే లేదు. తాష్కెంట్‌కి ఆరు వేల స్లైడ్లు కావాలంటే నేనే కూర్చుని ఏరాను. ఒక్కోదాన్ని రెండుసార్లు చూశాను. తెగులున్నది పొరపాటున కూడా పోకూడదని. కేంద్రం పరువు పోతుందని కూడా. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మంచి పింగాణీ ఏరి అతిథులకి పంపినట్టు పంపాను.

సంజర్ పంపిన ఫారంలో ఒక వాక్యం ఉంది: ఈ నమూనాలు కేంద్రంలో కనిపించే అన్ని రకాల స్లైడ్లకూ ప్రాతినిధ్యం వహిస్తాయి. చదివాను. సంతకం పెట్టాను. తెగులు స్లైడ్ అసలు మా లెక్కలో ఒక రకమే కాదు. అది బూడిద.

అంటే ఆ ప్రోగ్రాం బీజాన్ని ఎప్పుడూ చూడలేదు. మెరిసే అండాకారం ఒకటి ఎదురైతే అది ఏమనుకుంటుంది? లెన్స్ చేసిన పాడు పని అనుకుంటుంది.

పొద్దున సంజర్ మీద అరిచాను. నీకు తెగులు స్లైడ్లు కావాలని అడగాలని తెలీదా, ఏం ఇంజినీర్‌వి అన్నాను. తెగులు కోసం పెట్టిన మెషీన్ కదా ఆపా, అవి ఉంటాయనుకున్నాను, అవి పంపరని నా బుర్రకి తట్టలేదు అన్నాడు. మెల్లగా అన్నాడు. ఇంకా కోపం వచ్చింది. అతను అడగలేదు. నేను చెప్పలేదు. నేమత్ గారికి పట్టలేదు. ఈ ముగ్గురిలో ఎవరి తప్పు ఎంతో తూకం వేస్తూ కూర్చుంటే పన్నెండో తారీఖు వచ్చేస్తుంది.

ఏప్రిల్ 7

తుర్సునాయ్ ఖోలా ఇంటికి వెళ్లి తీసుకొచ్చాను. దారిలో అంతా చెప్పాను. బస్సు కిటికీలోంచి చూస్తూ విన్నది. కోడలికి చెత్తేదో చూపించారు, ఊడవకూడని చెవిపోగు ఏదో చూపించలేదు, పాపం అది మాత్రం ఏం చేస్తుంది అంది. ఆమె జాలి మెషీన్ మీదే. మా మీద లేదు.

శుభ్రం చెయ్యకముందు తీసిన అసలు ఫొటోలు తొమ్మిదో లాట్ నుంచి ఉన్నాయి. ఒకటి నుంచి ఎనిమిది వరకూ లేవు. అక్టోబర్‌లో సర్వర్ నిండిపోతే డైరెక్టర్ రాతపూర్వకంగా ఆర్డర్ ఇచ్చాడు: ఇప్పటిదాకా ఉన్న అసలువి తొలగించండి, శుభ్రమైనవి చాలు.

ఉన్న ఫొటోలే లక్షా డెబ్బై వేలు. ఇద్దరం చూడాలంటే వేసవి అయిపోతుంది. సంజర్ తల పట్టుకున్నాడు. అప్పుడు తుర్సునాయ్ ఖోలా అడిగింది, బాబూ, ఇది ఎక్కడెక్కడ ఊడ్చిందో దానికి గుర్తుంటుందా అని.

సంజర్ ఆమె వైపు చూశాడు. గుర్తుండదు ఖోలా, కానీ కనుక్కోవచ్చు అన్నాడు. అసలు ఫొటోలోంచి శుభ్రం చేసిన ఫొటో తీసేస్తే మిగిలేది అది ఊడ్చిన చెత్తే. ఎక్కడ ఎక్కువ ఊడ్చిందో ఆ ఫొటోల లిస్టు తీశాడు. నాలుగు వేల వంద.

ఇందుకా నన్ను ఇంటికి పంపారు అంది తుర్సునాయ్ ఖోలా. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఏప్రిల్ 8

ఫొటో కన్ను కొట్టదు. అదొక్కటే కష్టం. ఆకారం, వలయం చూసి చెప్పాలి. అనుమానం ఉంటే వదలొద్దు, పక్కన రాసుకో అంది ఖోలా. ఆమె చూసేది నేను, నేను చూసేది ఆమె మళ్లీ చూస్తున్నాం. సంజర్ టీ పోస్తున్నాడు, రొట్టె తుంచి పెడుతున్నాడు. ఇల్లు ఊడవడం కూడా వచ్చా అని ఖోలా అడిగింది. మా ఆవిడ నేర్పింది అన్నాడు.

ఏప్రిల్ 9. మధ్యాహ్నం 1:15

పూర్తయింది. తొమ్మిది నుంచి ఇరవై రెండు దాకా పద్నాలుగు లాట్లు. తొమ్మిదింట్లో ఏమీ లేదు. ఐదింట్లో ఉంది. మొత్తం రెండు వందల పదహారు మంది తల్లులు. ఆ లాట్లన్నీ జనవరిలోనే కలిపేశాం, కాబట్టి ఐదూ పూర్తిగా పోవాలి.

మొదటి ఎనిమిది లాట్ల సంగతి ఎవరికీ తెలియదు. చిటికెడు గుడ్ల పరీక్షతో తేలదు. కావలసినన్ని గుడ్లు మళ్లీ పొదిగించి చూడాలంటే పన్నెండు రోజులు. మా దగ్గర మూడున్నాయి. మల్బరీ ఆకు మన కోసం ఆగదు.

ఏప్రిల్ 9. సాయంత్రం

డైరెక్టర్ ఐదు లాట్లకి ఒప్పుకున్నాడు. ఎనిమిదికి ఒప్పుకోలేదు. తెలియకపోవడం తెగులు కాదు కదా అన్నాడు. ఆ ఐదింట్లో ఉన్నప్పుడు ఈ ఎనిమిదింట్లో లేదని ఏ దేవుడు చెప్పాడు అన్నాను. వాటినీ అదే మెషీన్ చూసింది. చెరిపెయ్యమన్నది మీరే.

అప్పుడు కూర్చున్నాడు. మొదటిసారి మనిషిలా మాట్లాడాడు. కోటా పూర్తయిందని పోయిన నెల మీటింగ్‌లో చెప్పేశాను ఆపా, పదమూడు లాట్లు తక్కువంటే నన్ను హాల్ మధ్యలో నిలబెట్టి అందరి ముందూ తిడతారు అన్నాడు. తిట్టనివ్వండి అన్నాను. ముప్పై తట్టల కంటే అది నయం. అతనికి ఆ తట్టల సంగతి తెలియదు. చెప్పాను. విన్నాడు. విని కూడా, ఇది పైకి వెళ్తే ఆరు వేల స్లైడ్ల మీద సంతకం ఎవరిదని అడుగుతారు, బాగా ఆలోచించుకోండి అన్నాడు.

ఆలోచించుకున్నాను. మెట్లు దిగేంత సేపు పట్టింది.

ఏప్రిల్ 10

క్వారంటీన్ ఆఫీసుకి రిపోర్ట్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రెండు పేజీలు. మొదటి పేరాలో నా సంతకం సంగతి రాశాను. ముందు మన తప్పు రాస్తే మిగతాది నమ్ముతారు. రెండో పేరాలో తేదీలు, టైములు, లాట్ల నంబర్లు. మూడో పేరాలో అక్టోబర్ ఆర్డర్ కాపీ. విశేషణాలు అన్నీ కొట్టేశాను. సిగ్గులేని అన్న మాట రెండు చోట్ల ఉంది, అదీ కొట్టేశాను. దానికే ఎక్కువ టైమ్ పట్టింది.

ఇన్‌స్పెక్టర్ నిలబడే చదివాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, ఇది మీరే రాశారా అన్నాడు. ఏది అన్నాను. మొదటి పేరా అన్నాడు.

మూడున్నరకి వచ్చి పదమూడు లాట్లకీ సీల్ వేశాడు. సీల్ వేస్తున్నంతసేపూ నేమత్ గారు కిటికీలోంచి లారీల్ని చూస్తున్నాడు.

ఏప్రిల్ 11

రేపు.

7:00. బట్టీ. పదమూడు లాట్లు. నిప్పు నేనే పెట్టాలి.

8:30. సంజర్ తాష్కెంట్ వెళ్తాడు. కారులో నలభై స్లైడ్లు, అన్నీ తెగులున్నవి. వాటి అంచుల్ని తుర్సునాయ్ ఖోలా గోళ్లరంగుతో మూసింది. ఎర్రరంగు, మనవరాలిది. ఇన్‌స్పెక్టర్ పర్మిట్ పెట్టెలోనే ఉంది. ఇప్పుడు సాయంత్రం ఏడు. పొద్దుగూకింది. అవి ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి.

10:00. విచారణ కమిషన్. రెండో అంశం నేను.

2:00. ఖరతుత్. జెబినిసో పెట్టెలు ఆరో లాట్‌వి, అవీ బట్టీలోకే. దాంట్లో తెగులు ఉందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఆమె వాకిట్లో నిలబడి చెప్తాను.